తొట్లకొండ – గ్రామవర్ణన విచారము

మన యాలంకారికులు మహాకావ్యమునకు విధించిన వర్ణనములు పదునెనిమిదని విద్యార్థిదశనుండియు వల్లించుచున్నాము. దండి కావ్యాదర్శమునఁ జెప్పిన పట్టికలో మొదట నగరము, పిదప సముద్రము, అటుపిమ్మట పర్వతము నున్నవి. ఋతువులును, చంద్రసూర్యోదయములును, ఉద్యానసలిలక్రీడలును వాని వెనుక వచ్చును. ఈ పట్టికలో నున్నవానిని లెక్కించుటయే కాని లేనిదాని నరయుట మనకు నలవాటు గాదు. దానిలో గ్రామము లేదు. నగరము, సముద్రము, పర్వతము నను మూఁడును బ్రక్కప్రక్కనే నిలిచియుండఁగా, ఆ మూఁటి పొలిమేరను గడలియొడ్డు కొండమీఁద నుండు పల్లెకు మాత్రము చోటు దొరకలేదు. ఈ లోపము లక్షణకర్తదా, లక్ష్యకర్తదా, లేక వారిరువురను జదివి పిల్లలకుఁ బాఠము చెప్పు మావంటి పండితులదా యను ప్రశ్నమును విచారించుటయే యీ వ్యాసమునకు విషయము. ఉదాహరణముగా విశాఖపట్టణ భీమునిపట్టణముల నడుమ, సముద్రమునకుఁ జేరువ నున్న తొట్లకొండను గైకొనుచున్నాను.

ఇందులకుఁ బూర్వపక్షి యిట్లనవచ్చును: "నగరమనుట యుపలక్షణము. దానిచేతనే గ్రామమును గ్రహింపవలెను. సూత్రమునఁ బ్రత్యేకముగాఁ జెప్పకున్నంత మాత్రమున లోపము గాదు." ఇది చూపునకు బాగుగనే యున్నది. కాని యుపలక్షణ మనునది యుపలక్షితమునకుఁ గొంత సాధర్మ్యమున్నప్పుడే చెల్లును. నగరవర్ణనమునకు నంగములని కవులు వాడుకచేసికొన్నవి ప్రాకారము, పరిఖ, గోపురము, సౌధము, ఏనుఁగులు, గుఱ్ఱములు, వారవనితలు. వీనిలో నొక్కటియుఁ బల్లెయందుండదు. అంగములన్నియు వేఱైనప్పు డంగి యొక్కటియే యనుట తర్కమునకు నిలువదు. అందుచేత గ్రామవర్ణనమునకు నగరవర్ణనమును నమూనాగా నిచ్చుట, పంచెకొలతలతోఁ జొక్కా కుట్టుమనుట వంటిది.

తొట్లకొండ గ్రామమా యను సందేహమును మొదటనే తీర్చుకొందము. అది బౌద్ధభిక్షువుల నివాసము. భిక్షువు గ్రామమునకు మిక్కిలి దూరముగాను మిక్కిలి దగ్గఱగాను గాక నడిమి దూరమున నుండవలెనని వారి వినయశాస్త్రము. ఆ లెక్కను జూచిన నది గ్రామము గాదు, గ్రామమునకుఁ బొరుగు. అయినను "గ్రామ" శబ్దమునకు సమూహ మనియు నర్థము గలదు. ఇంద్రియగ్రామము, భూతగ్రామము, స్వరగ్రామ మనునవి యందఱకుఁ దెలిసిన ప్రయోగములే. పలువురు గూడి యొక్కచోట వండుకొని, తిని, నీరు నిలువచేసికొని, చచ్చినవారి గుర్తుల నిలిపికొని కొన్నివందల యేండ్లు బ్రదికిన చోటు గ్రామము గాకున్న నిఁక నేది గ్రామము? అదియుఁగాక యీ కొండను దాని క్రింది తీరమునుండి విడఁదీసి చూచుట పొసఁగదు. పైవారికిఁ దిండి క్రిందినుండి రావలెను. క్రిందివారికి, ముఖ్యముగా నోడలపైఁ బోయిరావలసినవారికి, దారిగుర్తు పైనుండి దొరకవలెను. ఈ రెండును గలిసిన దొకయూరని నా యభిప్రాయము.

ఇఁక దాని స్వరూపమును జెప్పెదను. సముద్రమట్టమునకు నించుమించుగా 128 మీటర్ల యెత్తున, చదునైన శిఖరముతో నీ కొండ యున్నది. 1976లో నౌకాదళమువారు తమ పనికై విమానమునుండి యీ ప్రాంతమును బరిశీలింపఁగా నిచ్చటి శిథిలములు బయటఁబడినవి. 1988 మొదలు 1993 వఱకు రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. మహాస్తూపము, చైత్యగృహములు, మ్రొక్కుబడి స్తూపములు, భిక్షువుల గదులతోఁ గూడిన విహారములు, స్తంభములమండపము, వంటయిల్లు, భోజనశాల, రాళ్లు పఱచిన బాటలు, నీరు పోవు కాలువలు, ఱాతిలోఁ దొలిచిన తొట్లు కనఁబడినవి. బ్రాహ్మీలిపిశాసనములును, శాతవాహనుల సీసపు నాణెములును, రోమకుల వెండి నాణెములును దొరకినవి. క్రీస్తుశకారంభమున కిటునటు కొన్ని శతాబ్దములు స్థవిరవాదభిక్షువు లిందు వసించిరని పండితుల నిర్ణయము.

ఈ జాబితాను జదివినవాఁడు మొదట స్తూపము నొద్ద నాఁగును. నేనును నాఁగితిని. శాస్త్రము చదివినవాని కన్ను గొప్పదానిమీఁదికిఁ బోవుట సహజము. కాని యీ కొండకుఁ బేరు పెట్టినవాఁడు స్తూపమునొద్ద నాఁగలేదు. వాఁడు తొట్టియొద్ద నాఁగినాఁడు. స్తూపకొండ యనలేదు, సాధువులకొండ యనలేదు, తొట్లకొండ యన్నాఁడు. ఈ చిన్న సంగతియే నా విచారమునకు మూలము.

స్థలనామములను గూర్చి పాణిని యష్టాధ్యాయి నాల్గవ యధ్యాయము రెండవపాదమున, 67 మొదలు 70 వఱకుఁ గల సూత్రములలో నాలుగర్థములఁ జెప్పినాఁడు. ఆ వస్తు వచ్చట నుండుట యొకటి. ఫలానావానిచే నిర్మింపఁబడుట రెండవది. ఫలానావారి నివాసమగుట మూఁడవది. ఫలానాదానికి దూరము గాకుండుట నాల్గవది. ఈ సూత్రములను బంచాలాది దేశనామములతో నుదాహరించుట మన సంప్రదాయము. నే నొకసారి విశాఖనుండి భీమిలి పోవుబాటలో బండిలోఁ గూర్చుండి, ఆ నాలుగర్థములను దారిప్రక్క నామములతో సరిచూచితిని. తొట్లకొండయందుఁ దొట్లు గలవు, బావికొండయందు బావులు గలవు. ఇవి రెండును మొదటి యర్థము. పావురాళ్లకొండ పావురములకు నివాసము. ఇది మూఁడవది. భీమునిపట్టణమును భీముఁడు కట్టెనని జనులు చెప్పుకొందురు. ఆ మాట నిజమగుఁగాక కాకపోవుఁగాక, చెప్పుకొనువారి మనసున నున్నది రెండవ యర్థమే. ఋషికొండ యనునది కొండ పేరు. కాని నేఁడు "ఋషికొండకుఁ బోవుదము" అనువాఁడు కొండ యెక్కఁబోఁడు, దాని క్రింది యిసుకతీరమునకుఁ బోవును. తీరమునకుఁ గొండపేరు వచ్చుట నాల్గవ యర్థము. ఇట్లు పదిక్రోసుల బాటలోఁ బాణిని చెప్పిన నాలుగును దెలుఁగుమాటలలోఁ గనఁబడినవి. సూత్రము చదువని జాలరులును రైతులును సూత్రము చెప్పినట్లే పేర్లు పెట్టిరి. అట్లుగాక, వారివంటివారు పెట్టిన పేర్లను జూచియే పాణిని సూత్రము చేసెననుట న్యాయము.

ఇచ్చట వైయాకరణు లొక యాక్షేపము చేయుదురు. అది గట్టి యాక్షేపమే. అదే యష్టాధ్యాయియందు మొదటి యధ్యాయము రెండవపాదమున, స్థలనామములవిషయమున సంజ్ఞయే ప్రమాణమనియు, యోగార్థమే ప్రమాణమైనచో నా వస్తువు లేనప్పు డా పేరును లేకపోవలసియుండు ననియుఁ బాణినియే చెప్పినాఁడు. అనఁగాఁ బేరును జూచి వస్తువు నూహించుట చెల్లదు. ఈ హెచ్చరికను మనము తలఁదాల్పవలెను. పేరునుబట్టి చరిత్ర కల్పించువారు నేఁడు వీథికొక్కరున్నారు. వారి కీ సూత్రము మందు. అయినను దొట్లకొండవిషయమున వస్తువును బేరునుబట్టి మన మూహింపలేదు. పార పట్టినవారు మట్టి తీసి తొట్లను జూపించిరి. రూఢియు యోగమును గలిసిన పద మిది, యోగరూఢము. మఱియొకటి. ఆ భిక్షువులు పోయి పదునేడు వందల యేండ్లయినది. వారి సంఘము పేరు జనులు మఱచిరి. వారి మతమును మఱచిరి. వారు నీరు నిలిపిన తొట్టి నొక్కదానిని మఱవలేదు. వస్తుధర్మములలో నేది యూరివాని మనసున నిలుచును, ఏది చెరిగిపోవును అనుదాని కింతకంటె స్పష్టమైన సాక్ష్యమును నే నెఱుఁగను.

దీనికి విరుద్ధముగాఁ గనఁబడు నుదాహరణమును గూడ దాఁపక చెప్పవలెను. అనకాపల్లికిఁ జేరువ శంకరమను నూరు గలదు. అచ్చట బొజ్జన్నకొండ, లింగాలకొండ యని రెండు కొండలు గలవు. 1907, 1908 సంవత్సరములలో నలెగ్జాండరు రీ దొర త్రవ్వించినవి యవియే. శంకరమన్నది సంఘారామ శబ్దమునకు వికృతి. ఘకారము మహాప్రాణమును గోలుపోయి, నడుమ దీర్ఘము హ్రస్వమై, చెవికిఁ బరిచితమైన శంకరశబ్దముతోఁ గలిసిపోయినది. ఱాతిని దొలిచి చేసిన స్తూపముల గుంపును జూచినవారు లింగములనుకొని లింగాలకొండ యనిరి. ఇచ్చట జనులు పొరపడిరి గదా యని యందురేమో. మతమును గూర్చి పొరపడిరి, ఆకారమును గూర్చి పొరపడలేదు. గుండ్రనితలతో వరుసగా నిలిచిన ఱాళ్లను జూచి వారు చెప్పినది కంటికిఁ గనఁబడినదే. పండితుఁ డర్థమును బట్టి పేరు పెట్టును, పామరుఁడు రూపమును బట్టి పెట్టును. అర్థము మాఱిపోవును. రూపము ఱాతిలోఁ బడియుండును.

ఇఁక విన్యాసమును విచారింతము. మానసారమను శిల్పశాస్త్రమున గ్రామవిన్యాసము లెనిమిది చెప్పఁబడినవి: దండకము, సర్వతోభద్రము, నంద్యావర్తము, పద్మకము, స్వస్తికము, ప్రస్తరము, కార్ముకము, చతుర్ముఖము. వీనిలోఁ గార్ముకము, అనఁగా విల్లువలె వంగినది, నదీసముద్రతీరములకుఁ దగినదని చెప్పుదురు. కౌటిల్యుఁడు దుర్గములను జలదుర్గము, గిరిదుర్గము మున్నగువానిగా విభజించెను. తొట్లకొండ వీనిలో నేదియుఁ గాదు. విల్లువలె వంగినది క్రింది తీరము, అందు జాలరుల పల్లె మంగమారిపేట. పైన నున్నది దుర్గము గాదు. శత్రువును దలఁచి కట్టిన గోడ దాని ప్రాణము గాదు. వీథులు ముందు గీచి యిండ్లు తరువాతఁ గట్టిన యూరును గాదు. మఱి యే సూత్రమునుబట్టి యీ యూరు గూర్పఁబడినది?

నీటినిబట్టి యని నా సమాధానము. విశాఖప్రాంతపుఁ గొండలు ఖొండలైటను ఱాతిజాతివి. కొండతలపై నేఱు లేదు. క్రింద నెదుటఁ గనుచూపు మేర నీరే, కాని గ్రుక్కెఁడు త్రాగ వలనుపడదు. ఇట్టిచోట బ్రదుకఁదలఁచినవానికి దొరకు తియ్యనినీరు ఆకాశమునుండి పడునదొక్కటే. దానిని బట్టి నిలుపవలెను, చెడకుండఁ గాపాడవలెను, మిగిలినదానిని గట్టడములు కూలకుండ వెలికిఁ బంపవలెను. తొట్టి మొదటి పనికి, కాలువ రెండవ పనికి. ఱాతిబాట కాలికి నెంత మేలో నేలకోతకు నంత యడ్డు. వంటయిల్లును భోజనశాలయు నీటి కందుబాటున నుండవలెను, మలిననీరు త్రాగునీటఁ గలియకుండవలెను. ఈ నిర్బంధములలో గదులు, మండపము, స్తూపము చోట్లు వెదకికొనవలసివచ్చును. చూచినవానికి స్తూపము నాయకుఁడుగాఁ దోఁచును. బ్రదికినవానికిఁ దొట్టి నాయకుఁడు. బావికొండకును నిదే న్యాయము. పావురాళ్లకొండ మీఁదను ఱాతితొట్లున్నవి. మూఁడుకొండలకు నొక్కటే వ్యాకరణము.

రెండవ సూత్రము చూపు. కొండమీఁదినుండి తీరము కనఁబడును, తీరమునుండియుఁ గడలినుండియుఁ గొండ కనఁబడును. రోమకనాణెము లీ కొండ నెక్కుటకుఁ గారణము సముద్రవర్తకమని వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. వర్తకునకుఁ గొండ గుఱుతు, కొండవానికి వర్తకుఁడు దాత. కాళిదాసు రఘువంశము పదుమూఁడవ సర్గమున సముద్రతీరమును బుష్పకమునుండి, అనఁగా మీఁదినుండి, చూచి వర్ణించినాఁడు. దూరపుఁ దీరము చెట్లచేత నల్లని సన్నగీఁతగాఁ గనఁబడుట యందుఁ గలదు. ఆ పద్యము చదివి యది కవిప్రౌఢోక్తి యనుకొంటిని. తొట్లకొండ తూర్పుకొసను నిలిచి దక్షిణముగాఁ జూచినప్పు డది కంటిమాట యని తెలిసినది. విమానము లేనికాలమున నట్టి చూపు కవి కెట్లబ్బెను? కడలియొడ్డు కొండ నెక్కినవానికిఁ బుష్పక మక్కఱలేదు. కాళిదాసు నిజముగా నెక్కెనని నే ననను. ఎక్కినవాని కంటికిఁ దగినట్లు వ్రాసెనని మాత్ర మందును.

ఇప్పుడు మన తెలుఁగుకవులను జూతము. పెద్దన మనుచరిత్రమున నరుణాస్పదపురమును వర్ణించెను. అందు నాలుగువర్ణముల జనులును, ఏనుఁగులును, పూలమ్ము పడఁతులును వరుసగా వచ్చుదురు. దానిని వెక్కిరించుట నా యుద్దేశము గాదు. పెద్దన పురమును వర్ణించుటకుఁ బూర్వమే వరణానదీతీరమున దానిని నిలిపినాఁడు. నీరు చూపనిదే యూరు నిలువదని యాతఁ డెఱుఁగును. రామరాజభూషణుఁడు వసుచరిత్రమునఁ గొండను నదిని బాత్రములుగానే చేసికొన్నాఁడు. కోలాహలపర్వతము శుక్తిమతి నడ్డగించుటయు, వసురాజు కాలితోఁ గొండను జిమ్ముటయు నా కథకు మూలము. అది నీటి నడ్డు కొండ. తొట్లకొండ నీటి నిలుపు కొండ. మొదటిదానికి మహాప్రబంధము దొరకినది. రెండవదానికిఁ బేరు మాత్రము దొరకినది.

కృష్ణరాయఁ డాముక్తమాల్యదయందు విల్లిపుత్తూరును వర్ణించిన పద్ధతి వేఱు. తలలు ఱెక్కలలో దాఁచుకొని నిద్రించు బాతులను జూచి, ఉతికి మఱచిపోయిన బట్టలనుకొని తలవరులు దిగఁబోవుట మనకందఱకుఁ బరిచితము. ఆ పద్యము నిలిచినది చమత్కారమువలననే కాదు. ఊరిలోఁ గాలువ యున్నది, దానిలో బాతులున్నవి, ఒడ్డున బట్ట లుతుకుదురు, తెల్లవాఱక మునుపు కావలివాఁడు తిరుగును. ఈ నాలుగు సంగతులును నిజమగుటచే భ్రాంతి నిజమైనది. ఊరిని జూచినవాని యలంకార మది. శ్రీనాథుని పేరఁ జెల్లు పల్నాటి చాటువులందును ఱాళ్లు, జొన్నకూడు, నీటి కఱవు గలవు. కవి యా సీమను దిట్టినాఁడని మనము నవ్వుకొందుము. తిట్టుటకైనను జూడవలెను గదా. అనఁగా గ్రామవర్ణనమునకు లక్ష్యము మనభాషయందు లేకపోలేదు. చాటువులందును, ప్రబంధముల మూలలందును జెదరియున్నది. దానిని బోగుచేసి లక్షణము చెప్పినవారు లేరు. కాఁబట్టి నేను మొదట నడిగిన ప్రశ్నమునకు సగము సమాధానము వచ్చినది. లోపము కవులది పూర్తిగాఁ గాదు.

లక్షణకర్తలలోఁ గూడ దారి మూసినవారును, తెఱచినవారును గలరు. భామహుఁడు సాయంకాలమును గూర్చిన యుత్తవాక్యములఁ జూపి, యిది కావ్యమా, వార్త యని త్రోసిపుచ్చెను. దండి స్వభావోక్తిని మొదటి యలంకారముగాఁ గొన్నాఁడు. కుంతకుఁడు స్వభావము నలంకార మనుట కొప్పుకొనలేదు. స్వభావమే యలంకారమైనచో నలంకరింపఁబడున దేదని యాతని ప్రశ్నము. నాకుఁ గుంతకుని మాటయే యీ విషయమున నుపకరించుచున్నది. స్వభావ మలంకార్యము, అనఁగా నగ పెట్టుటకు ముందుండవలసిన యొడలు. మన పాఠశాలల గ్రామవర్ణనములలో నగలు మెండు, ఒడలు సున్న. "తొట్లకొండ" యన్న పేరు భామహుని లెక్కను వార్తయే యగుఁగాక. ఆ యొక్కమాటలో నొడ లున్నది. కొండ యున్నది, కొండపై నీటికై పడిన పాటున్నది, ఆ పాటుపడినవారు లేకపోవుటయు నున్నది. పేరు పెట్టినవాఁడు కవి యనిపించుకొనఁడు. కాని కవి కావలసినవాఁడు మొదట నేర్వవలసినపని వాఁడు చేసిపెట్టినాఁడు.

ఇఁక నా తప్పిదమును జెప్పికొనవలసి యున్నది. ఇది చెప్పకున్న నీ వ్యాసమునకు మూలము తెలియదు. ముప్పది యేండ్లకుఁ బూర్వము, నేను గొత్తగా నుద్యోగమునఁ జేరినప్పుడు, ఈ తీరమున నొక పాఠశాలయందుఁ దెలుఁగు చెప్పుచుంటిని. తొమ్మిదవతరగతి పిల్లలను "మా యూరు" అను విషయముపై వ్రాయుఁడంటిని. జాలరుల బిడ్డఁ డొకఁడు వ్రాసి తెచ్చినదానిలోఁ జెట్లు లేవు, కోకిలలు లేవు, "పచ్చని పైరులతో గలగల పాఱు సెలయేళ్లతో" అను వాక్యము లేదు. వల లెక్కడ నార్తురో వ్రాసినాఁడు. ఎండకాలమున నాఁడువారు తెల్లవాఱక ముందే బిందెలతో నెంతదూరము పోవుదురో వ్రాసినాఁడు. కొండమీఁదఁ దొట్లున్నవని తాత చెప్పెననియు, కడలిమీఁదనుండి చూచినయెడల నూరు కనఁబడదు, కొండయే కనఁబడును, ఆ కొండతల యే పడవకొసకు నేరుగా వచ్చునో చూచి తండ్రి యింటికి వచ్చుననియు వ్రాసినాఁడు. చివర "మా యూరికి మా కొండే గుర్తు" అని ముగించినాఁడు.

నేను దానికిఁ బదింట మూఁడు మార్కు లిచ్చితిని. "వర్ణన లేదు, భాష గ్రామ్యము" అని యెఱ్ఱసిరాతో వ్రాసితిని. గ్రామ్యమను మాటను దోషవాచకముగా వాడితిని. గ్రామమును గూర్చి వ్రాయుమని చెప్పి, వ్రాసినదానిని గ్రామ్యమని కొట్టివేసిన వైయాకరణునకుఁ దన వాక్యమున నున్న విరోధము కనఁబడలేదు. బాలుఁ డేమియు ననలేదు. కాగితము మడిచి జేబులోఁ బెట్టుకొన్నాఁడు. తరువాతి వ్యాసమునఁ గోకిలలు వచ్చినవి, సెలయేఱును వచ్చినది. దానికి నేడు మార్కు లిచ్చితిని. ఆ యూరిలో సెలయేఱు లేదు.

కొన్నియేండ్లకుఁ బిదప నొక విద్వత్సభకు వచ్చినవారితోఁ గూడి తొట్లకొండ యెక్కితిని. అందఱు స్తూపము చుట్టును దిరుగుచుండఁగా నేను దాహము గొని తొట్టియొడ్డునఁ గూర్చుంటిని. వాననీరు కొంత యడుగున నున్నది. కడలివంకఁ జూచితిని. పడవ యొకటి కొండవైపు తల త్రిప్పి వచ్చుచుండెను. వాఁడు వ్రాసిన వాక్యము లొక్కటొక్కటియే జ్ఞప్తికి వచ్చినవి. నీరు, దారి, చూపు, పని: నేను శాస్త్రములను దిరుగవేసి పైన జెప్పిన విన్యాససూత్రము లన్నియు వాని యొక్క పుటలో నున్నవి. పాణిని చెప్పిన మొదటి యర్థమును వాఁడు తాతనోట వినినాఁడు. నాకు మాత్రము బండి యెక్కి సూత్రములు వల్లించినఁగాని తెలియలేదు. ఆ బాలుఁ డిప్పుడు నడివయసువాఁడై యుండును. వాని వ్రాఁత నా దిద్దుబాటుతో నెక్కడఁ బోయెనో.

ఈ విచారము పాతకాలపు రాళ్లకే చెల్లునది గాదు. 2019 అక్టోబరున గొప్పవానలు కురిసినప్పుడు, తొట్లకొండపై మరల నిలిపియున్న మహాస్తూపములోఁ గొంతభాగము కూలిపోయినది. రెండువేల యేండ్లనాఁటి తొట్టి వానను బట్టి నిలుపుకొన్నది. మనకాలమున నిలిపిన యిటుకలు వానకుఁ దాళలేదు. కారణములను దెలిసినవారు చెప్పుదురు గాక. సాహిత్యము చెప్పుకొను మనకు నిందుఁ దెలియున దొకటి కలదు. ఆ కొండకు నాఁడును నేఁడును వానయే మొదటి విషయము. నాఁటివారు దానిని మొదట లెక్కించి తక్కినవి కట్టుకొనిరి. వర్ణించువాఁడును మొదట దానినే లెక్కింపవలెను.

కావున నేను బండితులముందు నొక చిన్న ప్రతిపాదనము నుంచుచున్నాను. గ్రామవర్ణనమునకుఁ బదునెనిమిది యంగము లక్కఱలేదు, అయిదు చాలును. ఊరివారికి నీ రెక్కడినుండి వచ్చును? ఊరికి దారి యెటునుండి యెక్కును? ఊరినుండి యేమి కనఁబడును, ఎచ్చటినుండి యూరు కనఁబడును? ఊరివారు దేనిచే బ్రదుకుదురు? ఊరిచుట్టు నేల కేమేమి పేర్లు గలవు? ఈ యైదింటికి సమాధానము చెప్పిన పిమ్మటఁ గవి యుపమ వేయుఁగాక, ఉత్ప్రేక్ష వేయుఁగాక, ఎవరు వలదనిరి? ఈ యైదింటికిఁ జెప్పలేనివాఁ డెన్ని యలంకారములు వేసినను నది యే యూరిదియుఁ గాదు. అన్ని యూళ్లకు నొప్పు వర్ణన మొక్క యూరికిని నొప్పదు.

ఇందుఁ బ్రాచీనుల నధిక్షేపించితినని యెవ్వరును దలఁపకుందురు గాక. దండి పట్టిక మహాకావ్యమునకుఁ జేసినది, తొమ్మిదవతరగతి బాలునికిఁ గాదు. దానిని వాని తలపై మోపినవారము మనము. మొదట నడిగిన ప్రశ్నమునకు మిగిలిన సగము సమాధాన మిదియే. పాణినియంతవాఁడు స్థలనామములయెడ జనుల మాటయే ప్రమాణమని సూత్రమును వెనుకకుఁ దీసికొనఁగా, మనము బాలుని కంటిచూపును ప్రమాణముగాఁ గైకొనుటకు సంకోచింపనేల?

ఈ పత్రిక చదువు నుపాధ్యాయమిత్రులు తమతమ పాఠశాలల చుట్టుపట్లఁ గల కొండల, గుట్టల, చెఱువుల పేర్లను బిల్లలచేతనే వ్రాయించి, పేరునకుఁ దగిన వస్తు వచ్చటఁ గలదో లేదో వారిచేతనే చూపించి, మనసభకుఁ బంపుదురేని, గ్రామవర్ణనమునకుఁ గావలసిన లక్ష్యసంపుటి కొలఁదికాలముననే సిద్ధమగును. పంపునప్పుడు పిల్లల మాటలను దిద్దవలదని నా మనవి. దిద్దినవాని యనుభవముతోఁ జెప్పుచున్నాను.